కోనసీమ నుంచి ఏఏ మీటింగుకి వెళ్ళాలంటే ఎక్కడ కనుక్కోవాలి? మొదటి రోజు ఏం జరుగుతుంది?

ప్రశ్న: రాజోలు కుర్రాడు

అందరికీ నమస్కారమండి. మా బావ కోసం అడుగుతున్నాను. రోజుకి మూడు క్వార్టర్లు తాగుతాడు. పొద్దున్నే కాస్త పడితే గానీ చేతి వణుకు ఆగదు. ఎవరు చెప్పినా వినని మనిషి మొన్న తనంతట తానే “మానేద్దామనుంది రా, ఆ మీటింగులేవో కనుక్కో” అన్నాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ), అంటే తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కలిసే గ్రూపుల గురించే అంటున్నాడని అర్థమైంది. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకు తెలియాల్సినవి ఇవండి.

మా వైపు మీటింగులు ఎక్కడ జరుగుతాయో ఎలా కనుక్కోవాలి? డబ్బు కట్టాలా, పేరు రాయించుకుంటారా? చర్చిలో పెడతారట కదా, మతం ఏమైనా మారుస్తారేమోనని అక్క వాళ్ళ అత్తగారి భయం. ఊళ్ళో తెలిస్తే పరువు పోతుందని బావ భయం. ఇవన్నీ ఎందుకు, వచ్చే కార్తీకంలో అయ్యప్ప మాల వేయిస్తే అదే మానతాడని మావయ్యగారు అంటున్నారు. తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

జవాబు: మందులకొట్టు

మీటింగు సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసిన “పొద్దున్నే చేతి వణుకు” దగ్గరే ముందు ఆగాలి. అది చలికి వచ్చే వణుకు కాదు. రాత్రి తాగినది దిగిపోయేసరికి ఒళ్ళు మందు అడుగుతోందని గుర్తు. అలాంటి మనిషి ఇంట్లో కూర్చుని “రేపట్నించి చుక్క ముట్టను” అని ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఎంత గట్టి మనసున్నవాడైనా ఇందులో చేసేదేమీ ఉండదు, ఇది నరాల లెక్క. మందు ఏళ్ళ తరబడి మెదడును అణిచి ఉంచుతుంది, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. అణిచేది ఒక్కసారిగా తీసేస్తే ఆ వేగానికి అడ్డు ఉండదు.

ఆఖరి గుక్క తాగిన గంట నుంచి లెక్కపెట్టుకోండి. 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, వాంతులు, గుండెదడ, నిద్ర లేకపోవడం వస్తాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా అసలు ప్రమాదం. జ్వరం, తికమక, గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనపడటం, లేని మనుషులతో మాట్లాడటం. మన ఊళ్ళలో దీన్ని చూసి గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి తీసుకెళ్తారు. అది డెలీరియం ట్రెమెన్స్. ఆ స్థితి వస్తే 108కి ఫోన్ చేయాలి, వేరే ఆలోచన వద్దు.

అందుకని ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళండి. కాకినాడ జీజీహెచ్ పెద్దది. మీకు ఏలూరు, రాజమండ్రి ఏది వీలైతే అది. ఓపీ పొద్దున పూటే, కాబట్టి ముందు రోజు రాత్రే బయల్దేరే ఏర్పాటు చేసుకోండి. డాక్టరుకి మూడు ముక్కలు కచ్చితంగా చెప్పాలి. రోజుకి ఎంత, ఆఖరిసారి ఎప్పుడు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా. సిగ్గుపడి మూడు క్వార్టర్లని ఒకటిగా చెబితే ఇచ్చే మాత్రల మోతాదు తప్పుతుంది. ఇంట్లోవాళ్ళు చేసే పొరపాట్లలో ఇదే ఎక్కువ.

మామూలుగా క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మాత్ర మొదలుపెట్టి వారం పది రోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు. కాలేయం దెబ్బతిని ఉంటే లోరజిపామ్ వైపు వెళ్తారు. డాక్టరు చీటీ లేకుండా మందుల కొట్టులో అడక్కండి. పైన మాత్ర, కింద మందు రెండూ పడితే ఊపిరి ఆగిపోతుంది. డాక్టరు చెప్పిన రోజులు దాటాక సొంతంగా కొనసాగిస్తే మాత్రే అలవాటవుతుంది.

ఇంకొకటి, ఇది మన పల్లెటూళ్ళకే ప్రత్యేకం. నీరసంగా ఉన్నాడని ఆర్ఎంపీ చేత గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. తిండి మానేసి తాగినవాడి ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. ముందు బి1 ఇంజెక్షన్ వేయకుండా గ్లూకోజు పోస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. నడక తూలుతుంది, కనుగుడ్లు అదురుతాయి, మనిషి అయోమయంలో పడతాడు. తాగిన మత్తే అనుకుని వదిలేస్తారు. సీసా పెట్టే ముందు “బి1 వేశారా” అని ఒక్క మాట అడగండి.

జవాబు: చించినాడ వంతెన

పై జవాబుతో ఏకీభవిస్తూ, మీటింగు వెతికే పని చెబుతాను.

ఫలానా ఊళ్ళో ఫలానా రోజు అని నేనిక్కడ రాయను. రాస్తే ఆరు నెలల్లో అబద్ధమైపోతుంది. గ్రూపుకి సొంత ఇల్లుండదు. బడి గదో, చర్చి హాలో, ఆసుపత్రిలో ఖాళీ గదో చిన్న అద్దెకి తీసుకుంటారు. పరీక్షలొస్తే గది మారుతుంది, పండగొస్తే రోజు మారుతుంది. ఇంటర్నెట్‌లో పాత పట్టిక చూసి బయల్దేరినవాళ్ళు తాళం వేసిన గది ముందు నిలబడి, “ఇదంతా ఉత్తదే” అని తిరుగుదారిలో వైన్ షాపు ముందు ఆగుతారు. తాళం చూసి వెనక్కి వచ్చిన మనిషిని రెండోసారి బయల్దేరదీయడం చాలా కష్టం. కాబట్టి ఫోన్ చేసి, ఈ వారం ఉందని తేల్చుకుని, అప్పుడే కదలండి.

నంబరు కోసం ఏఏ భారతదేశ సర్వీస్ ఆఫీసు వెబ్‌సైటు చూడండి. అది దొరక్కపోతే ఆసుపత్రి సైకియాట్రీ వార్డులో సోషల్ వర్కర్‌నో సైకాలజిస్టునో అడగండి. ఏఏ సభ్యులు వార్డులకి వచ్చి మాట్లాడి వెళ్తుంటారు కాబట్టి దగ్గర్లో ఎవరున్నారో వాళ్ళకి తెలిసే అవకాశం ఎక్కువ. 14416 టెలీ మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను), 14446 మత్తు విముక్తి హెల్ప్‌లైను. ఈ రెండూ ప్రభుత్వానివి, ఏఏవి కావు. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు, ఎప్పుడైనా చేయొచ్చు. ఆసుపత్రి దారి కోసం ఇవి బాగా పనికొస్తాయి.

ఏఏ నంబరుకి చేస్తే అటువైపు ఉండేది ఆఫీసు గుమాస్తా కాదు. ఒకప్పుడు తాగి ఇప్పుడు మానిన మనిషి, తన పని చేసుకుంటూ ఫోన్ ఎత్తేవాడు. పగలు ఎత్తకపోతే సాయంత్రం మళ్ళీ చేయండి. అడగాల్సినవి: ఈ వారం ఏ రోజు, ఎన్నింటికి, గదికి గుర్తు ఏమిటి, తెలుగులో జరుగుతుందా, ఓపెనా క్లోజ్డా. ఓపెన్ మీటింగుకి మీరూ మీ అక్కా కూడా వెళ్ళి వెనక కూర్చోవచ్చు. క్లోజ్డ్ మీటింగు తాగుడు మానాలనుకునేవాళ్ళకి మాత్రమే, మీరు బయట అరుగు మీద ఆగాల్సిందే.

మీ ఊరి నుంచి దారి చూస్తే చించినాడ వంతెన దాటి పాలకొల్లు, అక్కణ్ణించి భీమవరం వైపు వెతకడం తేలిక, రైలూ ఉంది బస్సూ ఉంది. అమలాపురం, రావులపాలెం మీదుగా రాజమండ్రి రెండో దారి. సాయంత్రం మొదలై గంటో గంటన్నరో నడుస్తుంది మీటింగు. తిరుగు బస్సు వేళ ముందే చూసుకోండి. బస్సు కోసం సగంలో లేచి వచ్చేస్తే అసలు లాభం పోతుంది. ఎందుకంటే మీటింగు అయ్యాక టీ తాగుతూ నిలబడే పావుగంటలోనే ఫోన్ నంబర్లు చేతులు మారతాయి. పెద్దపని ఆ పావుగంటదే.

కాకినాడ వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఎదుర్లంక వంతెన మీదుగా వెళ్ళే బస్సు యానాంలోంచే పోతుంది. అది పుదుచ్చేరి కింద ఉన్న ఊరు, అక్కడి మందు ధరల సంగతి కోనసీమలో చిన్నపిల్లాడికీ తెలుసు. మొదటి రెండు నెలలూ ముక్తేశ్వరంలో పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి కోటిపల్లి దిగి ద్రాక్షారామం, రామచంద్రాపురం మీదుగా వెళ్ళండి. గంట ఎక్కువైతే కానివ్వండి.

జవాబు: వెనక బెంచీ

గదిలోపల ఏం జరుగుతుందో నేను చెబుతాను. తెలియకే సగం మంది గుమ్మం దాకా వచ్చి తిరిగిపోతారు.

పది నిమిషాలు ముందే వెళ్ళండి. గుమ్మం దగ్గర ఒకరు “మొదటిసారా?” అని అడుగుతారు. అవునంటే చాలు. దరఖాస్తు లేదు, రిజిస్టరు లేదు, ఆధార్ లేదు, ఫీజు లేదు. సభ్యత్వానికి ఉన్న ఒకే ఒక షరతు, తాగుడు మానాలన్న కోరిక. మానేసి ఉండాలని కూడా కాదు, మానాలని ఉంటే సరి.

కొద్ది క్షణాలు మౌనం, తర్వాత ఏఏ అంటే ఏమిటో చెప్పే చిన్న పాఠం చదువుతారు. కొన్ని చోట్ల, తాగుడు మానడానికి ఏఏ రాసుకున్న 12 మెట్లూ పైకి చదువుతారు. అప్పుడు వరసగా ఒక్కొక్కరూ పేరు చెప్పి, “నేను ఆల్కహాలిక్‌ని” అని మొదలుపెట్టి తమ సంగతి చెబుతారు. మీ బావ వంతు వచ్చినప్పుడు “ఈ రోజు వింటానండి” అంటే చాలు, ఎవరూ బలవంతం చేయరు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో సలహాలివ్వడం, “నువ్వు తప్పు చేశావ్” అనడం ఉండవు. మన రచ్చబండ అలవాటుకి ఇది కొత్తగా ఉంటుంది. మొదటిసారి వచ్చినవాళ్ళు “ఎవరూ నాకేం చెప్పలేదేంటి” అనుకుంటారు. చెప్పకపోవడమే అక్కడి పద్ధతి.

మధ్యలోనో చివర్లోనో చిన్న పెట్టో టోపీయో తిప్పుతారు. సభ్యులు తోచింది వేస్తారు. గది అద్దె, టీ, పుస్తకాలు ఆ డబ్బుతోనే. బయటివాళ్ళ విరాళం ఏఏ తీసుకోదు, అది వాళ్ళ 12 సంప్రదాయాల్లో ఏడోది. కొత్తవాడు వేయకపోయినా ఎవరూ చూడరు. చివర్లో ప్రశాంతత ప్రార్థన ఉంటుంది. మార్చలేనివాటిని ఒప్పుకునే నిబ్బరం, మార్చగలిగేవాటిని మార్చే ధైర్యం, రెండింటికీ తేడా తెలిసే వివేకం ఇమ్మని.

ఇక చర్చి సంగతి. గది చర్చిదైనా మీటింగు చర్చిది కాదు. ఏ మతంతోనూ, పార్టీతోనూ, సంస్థతోనూ ఏఏకి పొత్తు ఉండదు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ కలిసి మొదలుపెట్టినప్పుడు చుట్టూ క్రైస్తవ వాతావరణమే ఉన్న మాట నిజం, మెట్లలో దేవుడి మాట ఉన్నదీ నిజం. కానీ రాసుకున్నది “ఎవరు ఎలా అర్థం చేసుకుంటే అలాంటి దేవుడు” అనే. వాడపల్లి వెంకన్న అనుకోండి, అంతర్వేది నరసింహస్వామి అనుకోండి, దేవుడే లేడనుకునేవాళ్ళు ఆ గదిలోని పదిమందినీ తమకంటే పెద్ద శక్తి అనుకుని సాగుతారు. అత్తగారి అనుమానం తీరాలంటే ఒక ఓపెన్ మీటింగుకి ఆవిణ్ణే తీసుకెళ్ళండి.

పరువు భయానికి మాత్రం నా సలహా కాస్త మన ప్రాంతానిది. మన దగ్గర మనిషి కనపడగానే “ఏ ఊరండి, ఎవరి తాలూకు?” అని అడగటం మర్యాద. అక్కడ ఆ మర్యాద పనికిరాదు. ఇంటిపేరు చెప్పొద్దు. మన ఇంటిపేర్లలో ఊరూ కులమూ రెండూ బయటపడతాయి. పేరొక్కటే చెప్పాలి, వృత్తి కూడా అనవసరం. సొంత మండలం కాకుండా పక్క ఏరు దాటి వెళ్తే ఇంకా నిశ్చింత. అక్కడ తెలిసిన ముఖం కనపడిందే అనుకోండి, ఆయనా అదే పని మీద వచ్చాడు కదా! తర్వాత సంతలో ఎదురుపడితే “ఆ రోజు మీటింగులో...” అని ఎత్తకూడదు, అంతే.

తాగి వెళ్ళొచ్చా అని కూడా అడుగుతారు. వెళ్ళొచ్చు, గొడవ చేయకుండా కూర్చుంటే పంపించేయరు. మామూలుగా ఆ రోజు మాట్లాడొద్దంటారు. సీసా మాత్రం జేబులో ఉండకూడదు.

రాజోలు కుర్రాడు

చాలా థాంక్సండి. ఆసుపత్రికి బయల్దేరుతున్నాం. రెండు సందేహాలు. కాఫీలో కలిపే మాత్రలున్నాయట, మనిషికి తెలియకుండా ఇస్తే మందు మీద అసహ్యం పుడుతుందట. అక్కకి ఎవరో చెప్పారు. ఇంకొకటి, ఊరి బయట ఒక సెంటరు ఉందని, మూడు నెలలు లోపల పెట్టి “ఏఏ పద్ధతిలో” మాన్పిస్తామని ఫోన్ చేశారు. నెలకి బాగానే అడుగుతున్నారు.

జవాబు: మందులకొట్టు

కాఫీలో కలపొద్దు. ఇది గట్టిగా చెబుతున్నా. ఆ మాత్ర డైసల్ఫిరామ్. అది అసహ్యం పుట్టించదు. మందు ఒంట్లో విరిగే దారిని మధ్యలో ఆపేస్తుంది, ఆ మధ్యలో నిలిచిన విషం పేరు అసిటాల్డిహైడ్. తాగిన పది, ముప్పై నిమిషాల్లో ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాడికి ప్రాణాంతకం. తనకి మాత్ర పడిందని తెలియని మనిషి మామూలుగానే క్వార్టర్ ఎత్తుతాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళినా ఏం జరిగిందో డాక్టరుకి చెప్పేవాడుండడు. బజార్లోనూ ఆన్‌లైన్‌లోనూ “తెలియకుండా మాన్పించే పొడి” అని అమ్మేవాటిలో ఏముందో అమ్మేవాడికే తెలియదు.

తెలిసి, ఒప్పుకుని, డాక్టరు పర్యవేక్షణలో వేసుకుంటే మాత్రం డైసల్ఫిరామ్ కొందరికి బాగా పనిచేస్తుంది. ఆఖరి చుక్క పడ్డాక కనీసం 12 గంటలు గడవాలి, ముందు కాలేయం పరీక్ష చేయాలి, మాత్ర ఇంట్లోవాళ్ళ ఎదురుగా మింగాలి. ఆపేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. “నిన్న వేసుకోలేదు కదా, ఇవాళ తాగొచ్చు” అనే లెక్క అక్కడే తప్పుతుంది. ఇంకో చిక్కు, మందు అనే పేరు లేకుండా ఆల్కహాల్ ఉండేవి మన ఇళ్ళలో చాలా ఉంటాయి. కొన్ని దగ్గు సిరప్పులు, హోమియో చుక్కలు, ద్రాక్షారిష్టం లాంటి అరిష్టాలు, ఆసవాలు. కల్లు సంగతి చెప్పక్కర్లేదు. “తాటికల్లు చలవేగా” అంటారు, మాత్రకి చలవా వేడీ తెలియదు.

నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అని వేరే మందులున్నాయి. ఇవి తాగాలన్న తహతహని తగ్గిస్తాయి. మొదటిదానికి కాలేయం, రెండోదానికి మూత్రపిండాలు చూసుకుని ఇస్తారు. ఏ గ్రూపులోనైనా ఎవరైనా “మాత్ర వేసుకుంటే మానినట్టు కాదు” అంటే చెవిన పెట్టొద్దు. అది ఆయన సొంత అభిప్రాయం, ఏఏ వైద్యం చేయదు, డాక్టరు రాసిన మందు ఆపమనీ చెప్పదు.

జవాబు: చించినాడ వంతెన

సెంటరు గురించి. ఏఏ ఎక్కడా సెంటర్లు నడపదు, మనుషుల్ని లోపల పెట్టదు, నెలకింత అని తీసుకోదు. 12 మెట్లు వాడుకునే ఆసుపత్రులు వేరే ఉన్నాయి, వాటిలో మంచివీ ఉన్నాయి. కానీ డబ్బు అడుగుతూ “మేమే ఏఏ” అన్నారంటే అక్కడే అనుమానించాలి.

2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం కిందికి తాగుడు సమస్యా వస్తుంది. అలాంటి సెంటరుకి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితం చూపించమనండి. మనిషి ఒప్పుకోకుండా చేర్చుకోవాలంటే నామినీ దరఖాస్తు కావాలి. సైకియాట్రిస్టు ఒకరు, ఇంకో అర్హుడు ఒకరు విడివిడిగా పరీక్షించాలి, మొదటి విడతలో 30 రోజులకి మించకూడదు. ముందే “మూడు నెలలు లోపల” అనేవాడికి ఈ లెక్క తెలియదనుకోవాలి, లేదా తెలిసీ పట్టించుకోడనుకోవాలి. మీ బావ తనే మానతానంటున్నాడు. ఆ మనిషిని తాళం వెనక పెట్టాల్సిన పనేముంది?

జవాబు: లంకపొలం

మాల గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను అందుకుంటాను. మావయ్యగారి మాటని తీసిపారేయొద్దు. కానీ అందులో రెండు గోతులున్నాయి.

మొదటిది పైవాళ్ళు చెప్పిందే. రోజూ తాగేవాడు మాల వేసుకున్న రోజునే టక్కున ఆపితే, రెండో రోజో మూడో రోజో పీఠం దగ్గరే ఫిట్స్ వచ్చి పడొచ్చు. మాల వేయదలిస్తే దానికి పది పన్నెండు రోజుల ముందే ఆసుపత్రి పని పూర్తిచేయాలి.

రెండోది 42వ రోజు. మండలం 41 రోజులు మన జిల్లాల్లో వేలమంది చుక్క ముట్టరు. అది చూపించి “నాకు వ్యసనం లేదు, కావాలంటే మానగలను” అంటారు. ఆ 41 రోజులూ ఏం చేశాడో చూడండి. తెల్లారగట్ల చన్నీటి స్నానం, వేళకి భిక్ష, సాయంత్రం పదిమందితో భజన, ఏ సందేహం వచ్చినా గురుస్వామి, నల్లబట్ట చూసి వైన్ షాపు దగ్గర పాత స్నేహితుడే పక్కకి తప్పుకోవడం. మాల తీసిన మర్నాడు ఇవన్నీ ఒకేసారి పోతాయి. మిగిలేది తాగే మనిషి ఒక్కడే. అదీగాక, మకరజ్యోతికి వెళ్ళి మాల తీసేసరికి ఇక్కడ సంక్రాంతి. బరి పక్కన పందెంకోడి, కోడి పక్కన సీసా, మూడు రోజులూ చుట్టాలు. ఇంతకంటే చెడ్డ ముహూర్తం ఉండదు.

మీటింగు చేసేదల్లా ఆ 41 రోజుల కట్టుబాటుని మాల తీశాక కూడా నిలబెట్టడం. గురుస్వామి స్థానంలో స్పాన్సర్, అంటే ముందు మానిన సభ్యుడు. కనీసం ఏడాది తాగకుండా ఉన్నవాడై ఉండాలి, మగవాళ్ళకి మగవాడు, ఆడవాళ్ళకి ఆడమనిషి. చుట్టం కాకూడదు. డబ్బు లెక్కలు ఉన్నవాడూ కాకూడదు. ఈ మాట ఎందుకంటే, గ్రూపులో పరిచయమై చేబదులు అడగటం, ఇవ్వటం జరుగుతుంటుంది. అప్పు తీర్చలేనివాడు మీటింగు మానేస్తాడు, మీటింగు మానేసినవాడు ఏమవుతాడో తెలిసిందే.

మొదటి 90 రోజుల్లో 90 మీటింగులు అని పెద్ద ఊళ్ళలో చెబుతారు. లంకల్లో ఉండేవాడికి అది కుదిరే పని కాదు. వారానికి ఒకటో రెండో నేరుగా, మిగతా రోజులు ఫోన్‌లో జూమ్ మీటింగు, రోజుకొకసారి స్పాన్సర్‌కి ఫోన్. జూమ్‌లో పేరు దగ్గర ఫోన్‌లో ఉన్న పూర్తి పేరు పడుతుంది, ముందే మార్చుకోండి. చేపల, రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా పని చేసేవాళ్ళకి ఈ జూమ్ మరీ ముఖ్యం. ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడులో ఒంటరిగా, నిద్రమత్తులో, అర్ధరాత్రి రెండింటికి ఎక్కువమంది జారతారు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఈ నాలుగింటిలో ఏది ఉన్నా జాగ్రత్తపడాలని ఏఏలో చెబుతారు. కాపలావాడికి వీటిలో మూడైనా ప్రతి రాత్రీ ఉంటాయి. వీలైతే ఆర్నెల్లు పగటి పనికి మార్పించండి.

జవాబు: వెనక బెంచీ

జూమ్ మాటకి చిన్న సవరణ. అది చేతికర్ర లాంటిది, కాలు కాదు. వీడియో కట్టేసి మంచం మీద పడుకుని వినేవాడికి ఎవరి నంబరూ దొరకదు. మొదటి నెల నేరుగా వెళ్ళడమే చూడండి. ఒక గ్రూపు నచ్చకపోతే ఏఏ నచ్చలేదనుకోవద్దు. ఒక గ్రూపులో ముసలివాళ్ళే ఉంటారు, ఒకదాంట్లో ఒకాయనే అరగంట మాట్లాడతాడు. రెండు మూడు చోట్ల చూసి, ఒక చోట పాతుకోవాలి. కుర్చీలు సర్దడం, టీ గ్లాసులు కడగటం లాంటి పని ఒకటి అడిగి తీసుకుంటే వెళ్ళక తప్పని పరిస్థితి వస్తుంది. ఇది చిన్న కిటుకు, కానీ గట్టిది.

మధ్యలో జారితే? మళ్ళీ వెళ్ళడమే. వెలివేయరు, రోజుల లెక్క మాత్రం ఒకటి నుంచి మొదలవుతుంది. ఎక్కువమంది జారేది కష్టంలో కాదండి, మొదటి నెల దాటాక ఒళ్ళు తేలిగ్గా ఉండి, ముఖంలో కళ వచ్చి, అందరూ మెచ్చుకుంటుంటే. “ఇంక నాకు అక్కర్లేదు” అన్న వారమే ప్రమాదం.

మీ అక్క సంగతి ఎవరూ అడగలేదు. తాగేవాళ్ళ ఇంటివాళ్ళకి అల్-అనాన్ అని వేరే ఉంది, 1951లో మొదలైంది. మీటింగు పద్ధతి అదే, మనుషులు వేరు. అక్కడ నేర్పేది భర్తని మాన్పించడం ఎలా అని కాదు. సీసాలు వెతికి పారబోయడం, జేబులు తడమటం, ఆయన తరఫున పనిచోట అబద్ధం చెప్పడం, తాగుడు అప్పులు తీర్చడం, ఇవి ఎలా మానాలో. ఈ సాయాలన్నీ తాగుడికి దారి నునుపు చేస్తాయి. దగ్గర్లో నేరుగా జరిగేది దొరక్కపోతే ఆన్‌లైన్‌లో చూసుకోమనండి. బావ మానినా మానకపోయినా ఆవిడ వెళ్ళొచ్చు.

ఆవిడకి ఇంకో సంగతి ముందే చెప్పండి. మెట్లలో ఎనిమిదోది, తను బాధపెట్టినవాళ్ళ పట్టిక రాయడం. తొమ్మిదోది, వాళ్ళకి వీలైనంత సరిదిద్దడం, అలా చేస్తే వాళ్ళకో ఇంకొకరికో హాని కలిగే చోట తప్ప. రెండో వారంలోనే ఉద్వేగంతో ఇంటికొచ్చి పాత తప్పులన్నీ కక్కేసేవాళ్ళుంటారు. స్పాన్సర్‌తో ముందున్న మెట్లు పూర్తికాకుండా అది చేయకూడదు. విన్నవాళ్ళ నిద్ర పోతుంది, చెప్పినవాడి భారం మాత్రం దిగుతుంది.

రాజోలు కుర్రాడు

ఆసుపత్రిలో చేర్చుకున్నారండి, వారం ఉండమన్నారు. బి1 గురించి అడిగాను, అప్పటికే వేశారు. వార్డులో సోషల్ వర్కర్ గారి దగ్గర ఒక నంబరు దొరికింది. నేను ఫోన్ చేసి బావ సంగతంతా చెప్పనా?

జవాబు: చించినాడ వంతెన

వద్దండి. మీరు చెబితే వాళ్ళు విని, చివరికి “ఆయన్నే మాట్లాడమనండి” అంటారు. నంబరు నొక్కి ఫోన్ బావ చేతికివ్వండి. ఆయన ఒప్పుకుంటే మామూలుగా ఇద్దరు కలిసి వార్డుకే వచ్చి కలుస్తారు, మొదటి మీటింగుకి ఎవరో ఒకరు స్టాండు దగ్గర ఎదురు వస్తారు కూడా. డిశ్చార్జి తర్వాత ఎన్నో రోజున మీటింగు ఉందో అడగమనండి, మధ్యలో రెండు రోజులకంటే ఖాళీ లేకుండా చూసుకోండి.

రాజోలు కుర్రాడు

స్పీకర్ ఆన్ చేసి పక్కనే కూర్చుంటే పర్లేదా? ఏమైనా మర్చిపోతే అందిద్దామని.

జవాబు: వెనక బెంచీ

ఫోన్ ఇచ్చేసి మీరు కిందికెళ్ళి టీ తాగండి.